నక్షత్రాలను లెక్కించిన హైదరాబాదు

రంజాన్ నెల ముంగిట పడమటి ఆకాశం వైపు చూడని ముస్లిం కుటుంబం ఉండదు. మగ్రిబ్ నమాజు ముగియగానే పెద్దలూ పిల్లలూ మిద్దె ఎక్కుతారు. ఏ పిల్లవాడో ‘అదిగో’ అని వేలు చూపగానే ఇల్లంతా సలాములతో, ముబారకులతో నిండిపోతుంది. నెలవంక కనబడిన ఆ కాసేపు గడిచాక, మళ్లీ పండుగ చంద్రుడి దాకా ఆకాశం సంగతి మనకు పట్టదు. అలా పట్టకపోవడంలో వింతేమీ లేదు. బతుకు తెరువు నేల మీద ఉంది గనుక చూపు కూడా నేల మీదే ఉంటుంది.

అయితే మన హైదరాబాదులోనే ఒకప్పుడు కొందరు ఉద్యోగులు ఏళ్ల తరబడి, మబ్బు లేని ప్రతి రాత్రీ ఆకాశానికి కాపు కాశారు. ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా గాజు పలకల మీదికి దించారు. పగలు ఆ పలకలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చుక్క చుక్కనూ కొలిచారు. అలా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్ర స్థానాలను లెక్కగట్టి, 12 సంపుటాలుగా అచ్చు వేయించారు. ఈ పని జరిగిన చోటు పేరు నిజామియా వేధశాల. మనలో చాలామందికి నిజామియా అనగానే షిబ్లీగంజ్‌లోని జామియా నిజామియా మదర్సా గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు. ఇది బేగంపేటలో వెలసిన రసద్‌గాహ్.

మా నాగల్‌గిద్ద పిల్లలకు ఈ సంగతి చెబితే మొదట నమ్మరు. నమ్మాక వెంటనే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: “సార్, చుక్కల్ని లెక్కవెడితే ఏమొస్తది?” ఈ ప్రశ్నను కసిరి కూర్చోబెట్టడం తగదు. కష్టపడి పనిచేసే ఇళ్లలో పెరిగిన పిల్లలు ప్రతి పనికీ ఫలితం అడగడం సహజం. ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం. దానితో పాటు, శాస్త్ర పరిశోధన సాగాలంటే వెనుక ఏమేమి ఏర్పాట్లు ఉండాలో, అవి లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఎలా మూలన పడుతుందో కూడా చూద్దాం.

రెండు రసద్‌లు

ఉర్దూ చదివిన పాఠకులకు తెలుసు, ‘రసద్’ అనే మాటలు రెండు ఉన్నాయి. ‘సాద్’ అక్షరంతో రాస్తే కాపు కాసి చూడటం, అంటే ఆకాశ పరిశీలన. రసద్‌గాహ్ అనే మాట దాని నుంచే వచ్చింది. ‘సీన్’ అక్షరంతో రాస్తే సరంజామా, సామాగ్రి, సైన్యానికి వెనుక నుంచి అందే తిండీ గింజా. తెలుగు లిపిలో రాస్తే రెండింటికీ తేడా కనబడదు. ఈ పోలిక అక్షరాలతోనే ఆగదు. సరంజామా అందని సైన్యం ఎలా నిలబడలేదో, సరంజామా అందని పరిశీలన కూడా అలాగే నిలబడలేదు. నిజామియా వేధశాల కథ అంతా ఈ రెండు రసద్‌ల కథే.

నవాబుగారి దుర్భిణి

మనం తెలుగులో దుర్భిణి అంటున్న మాట ఫారసీలోని ‘దూర్‌బీన్’ నుంచి వచ్చినదే. దూరాన్ని చూపేది అని అర్థం. 20వ శతాబ్దం ఆరంభంలో అలాంటి పెద్ద దుర్భిణి ఒకటి హైదరాబాదుకు వచ్చింది. తెప్పించిన వారు నవాబ్ జఫర్ జంగ్ బహద్దూర్. నిజాం ప్రభుత్వంలో సైనిక వ్యవహారాల మంత్రిగా ఉన్న ఆయన, స్వంత డబ్బుతో 15 అంగుళాల కటకం గల దుర్భిణిని కొన్నారు. దానిని తయారు చేసినది గ్రబ్ అనే పేరుమోసిన సంస్థ. 1901లో ఫిసల్‌బండలో వేధశాలకు పునాది పడింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు.

ఇక్కడి దాకా ఇది ఒక షౌఖీన్ నవాబుగారి ముచ్చటే. నవాబులు ఏనుగులు కొన్నారు, గడియారాలు కొన్నారు, ఈయన దుర్భిణి కొన్నారు. ఆ తర్వాత జరిగినదే గమనించవలసినది. 1907లో జఫర్ జంగ్ కన్ను మూశారు. తాను పోయాక వేధశాలను ప్రభుత్వం తీసుకుని నడపాలన్నది ఆయన కోరిక. ప్రభుత్వం ఆ కోరికను మన్నించింది. 1908లో ఆర్థర్ చాట్‌వుడ్ అనే ఆంగ్లేయుణ్ణి డైరెక్టరుగా నియమించింది. ఊరికి దూరంగా, అప్పట్లో చీకటిగా ఉండే బేగంపేటకు వేధశాలను మార్చింది. చాట్‌వుడ్ కాలం దాదాపు అంతా కట్టడానికి, బిగించడానికే సరిపోయింది. కూడా తెచ్చిన 8 అంగుళాల ఫోటో దుర్భిణి ముందుగా పనిలోకి వచ్చింది. నవాబుగారు మురిపెంగా కొన్న 15 అంగుళాల దుర్భిణి మాత్రం 1922 దాకా నిలబడలేదు.

కొన్న ఏడాదికీ నిలబెట్టిన ఏడాదికీ మధ్య 20 ఏళ్లకు పైగా ఉన్నాయని పాఠకులు గమనించాలి. డబ్బు పెట్టగానే యంత్రం వస్తుంది గానీ, యంత్రం రాగానే పరిశోధన రాదు. దుర్భిణిని నిలపడానికి నేల అదరని దిమ్మె కావాలి. పైన తిరిగే గుమ్మటం కావాలి. భూమి తిరుగుతుంటే నక్షత్రం చూపు నుంచి జారిపోకుండా దుర్భిణిని అదే వేగంతో తిప్పే గడియారపు యంత్రాంగం కావాలి. అన్నిటికీ మించి దానిని వాడటం, తుడవటం, బాగు చేయటం తెలిసిన మనుషులు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా దుర్భిణి పెట్టెలోనే ఉండిపోతుంది.

ఆకాశాన్ని పంచుకున్న దేశాలు

1887లో పారిస్ నగరంలో వివిధ దేశాల ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. మొత్తం ఆకాశాన్ని ఫోటోలు తీసి నక్షత్రాలన్నిటికీ పట్టిక తయారు చేయాలని తీర్మానించారు. ఒక్క దేశం వల్ల అయ్యే పని కాదు గనుక ఆకాశాన్ని అక్షాంశాల వారీగా పట్టీలుగా కోసి, పట్టీకొక వేధశాల చొప్పున పంచుకున్నారు. మన పల్లెల్లో చెరువు పూడిక తీయవలసి వచ్చినప్పుడు ఇంటికి ఇన్ని గజాలని పంచుకున్నట్టే.

పంచుకున్న వారందరూ మాట నిలబెట్టుకోలేదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు శాంటియాగో వేధశాల తన పట్టీని పూర్తి చేయలేకపోయింది. దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల వరకు గల ఆ పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. 1914లో చాట్‌వుడ్ తర్వాత వచ్చిన రాబర్ట్ పోకాక్ ఈ పనిని మొదలుపెట్టారు. 1918లో ఆయన మరణించడంతో టి.పి. భాస్కరన్ బాధ్యత తీసుకున్నారు. ఆయన 1944 దాకా, అంటే పాతికేళ్లకు పైగా వేధశాలను నడిపించారు. మధ్యలో 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. మొదటి పట్టీ పూర్తయ్యాక, జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల వదిలేసిన ఉత్తర ఆకాశపు పట్టీని కూడా హైదరాబాదే భుజాన వేసుకుంది. యూరపులోని పెద్ద వేధశాల ఆపేసిన పనిని దక్కనులోని చిన్న వేధశాల అందుకున్నదన్న మాట.

గాజు పలక నుంచి అంకె దాకా

ఈ పని ఎలా జరిగేదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఫోటోకు ఫిల్ము బదులు గాజు పలక వాడేవారు. దాని మీద వెండి లవణం పూత ఉంటుంది. వెలుతురు సోకిన చోట ఆ పూత మారి, పలకను మందు నీళ్లలో కడిగాక నల్లని చుక్కగా తేలుతుంది. పలకను దుర్భిణికి బిగించి, కొన్ని నిమిషాల పాటు ఒకే దిక్కుకు తెరిచి ఉంచాలి. ఆ సేపంతా పరిశీలకుడు పక్కనున్న మరో చిన్న దుర్భిణికి కన్ను ఆనించి, గుర్తు నక్షత్రం గీత దాటకుండా చేత్తో సవరిస్తూ ఉండాలి. చలికాలపు రాత్రి గుమ్మటం తెరిచి ఉంచి చేయవలసిన పని ఇది.

పలక మీద ముందుగానే సన్నని గళ్లు అచ్చు వేసి ఉంటాయి. తెల్లవారాక ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ప్రతి చుక్కా తన గడిలో అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం ఉందో కొలిచి రాసుకోవాలి. ఆ అంకెలను మరికొందరు సరిచూడాలి. ఒక చుక్కకు రెండు అంకెలు. ఏడున్నర లక్షల చుక్కలకు ఎన్ని అంకెలో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. కంప్యూటరు లేని కాలం. అప్పట్లో లెక్కలు చేసే మనుషులనే ఇంగ్లీషులో కంప్యూటర్లు అనేవారు.

ఈ కొలతల పనిలో చాలా దేశాల్లో స్త్రీలు పాల్గొన్నారు. ఆస్ట్రేలియా వేధశాలల్లో యువతులు పలకలను కొలిచారు. రోము నగరంలోని వాటికన్ వేధశాలలో ఈ కొలతలు చేసినది నలుగురు క్రైస్తవ సన్యాసినులు. వారెవరూ విశ్వవిద్యాలయాల ఆచార్యులు కారు. చూపు నిలకడ, చేతి నిదానం, రాసిన అంకె పట్ల నిజాయితీ, ఇవే వారి యోగ్యతలు. పరిశోధన అంటే కళ్లద్దాల పండితుడొకడు ఏకాంతంగా చేసేదనే అభిప్రాయం మన ఇళ్లలో ఉంది. వాస్తవానికి ఒక పండితుని పేరు వెనుక పలక కడిగేవారు, గడియారం బాగు చేసేవారు, అంకెలు రాసేవారు, అచ్చు ప్రతులు దిద్దేవారు ఎందరో ఉంటారు.

1914 నాటి ఆకాశం వెల ఎంత?

ఇక పిల్లల ప్రశ్నకు వద్దాం. చుక్కల్ని లెక్కపెడితే ఏమొస్తుంది? నిజం చెప్పాలంటే, పని జరుగుతున్న రోజుల్లోనే కొందరు శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్న అడిగారు. కొత్త కొత్త పరిశోధనలు వదిలి ఈ గుమాస్తా పనిలో ఎందుకు మగ్గిపోవాలని పెదవి విరిచారు. ఆ సంపుటాలు చాలాకాలం గ్రంథాలయాల బీరువాల్లో దుమ్ము పట్టాయి.

నక్షత్రాలు స్థిరంగా ఉన్నట్టు కనిపించినా అవి కదులుతూనే ఉంటాయి. దూరం అపారం గనుక ఆ కదలిక మన జీవిత కాలంలో కంటికి ఆనదు. పొలిమేర అవతల పోతున్న ఎడ్లబండిని ఒక్కసారి చూస్తే నిలబడి ఉన్నట్టే ఉంటుంది. కాసేపు ఆగి మళ్లీ చూస్తేనే కదిలిందని తెలుస్తుంది. నక్షత్రానికైతే ఆ ‘కాసేపు’ దశాబ్దాలు కావాలి. రెండు చూపుల మధ్య కాలం ఎంత ఎక్కువైతే కదలిక అంత కచ్చితంగా తేలుతుంది.

1989లో ఐరోపా అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. అది 1993 వరకు నక్షత్రాల స్థానాలను మునుపెన్నడూ లేనంత కచ్చితంగా కొలిచింది. కానీ ఎంత గొప్ప ఉపగ్రహమైనా గతంలోకి వెళ్లి చూడలేదు కదా! అప్పుడు శాస్త్రవేత్తలకు బీరువాల్లోని ఆ పాత సంపుటాలు గుర్తుకు వచ్చాయి. అన్ని వేధశాలల అంకెలనూ కంప్యూటర్లలోకి ఎక్కించి, ఉపగ్రహపు కొలతలతో పోల్చారు. 2000 సంవత్సరంలో టైకో-2 అనే పట్టిక వెలువడింది. 25 లక్షల నక్షత్రాలు ఎటు, ఎంత వేగంతో కదులుతున్నాయో అందులో ఉంది. ఆ పట్టికకు ఆధారమైన పాత కొలతల్లో బేగంపేటలో తీసిన పలకలవి కూడా ఉన్నాయి.

1914లో పలక తీసిన మనిషికి ఉపగ్రహం అనే మాట తెలియదు. తన అంకెలు 86 ఏళ్ల తర్వాత ఎవరికి పనికొస్తాయో తెలియదు. తెలియకపోయినా తప్పు లేకుండా రాశాడు. 1914 నాటి ఆకాశాన్ని ఈనాడు ఎన్ని కోట్లు పోసినా ఎవరూ కొనలేరు. ఆనాడు చూసి రాసి పెట్టిన వారి దగ్గర మాత్రమే అది ఉంది. మన పెద్దలు అమానత్ అనే మాటను డబ్బుకూ నగలకూ వాడతారు. ఆ గాజు పలకల మీది అంకెలు కూడా రాబోయే తరాల అమానతే.

మనిషి పోతే పని ఆగాలా?

ఇదే దక్కనులో ఇంతకు 500 ఏళ్ల ముందు మరో ప్రయత్నం జరిగింది. విద్యాప్రియుడైన బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 1407లో దౌలతాబాదు దగ్గర రసద్‌గాహ్ కట్టించ పూనుకున్నాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. పని చేయిస్తున్న హకీము మధ్యలో మరణించడంతో ఆ కట్టడం అర్ధాంతరంగా ఆగిపోయింది. సుల్తానుకు ధనం ఉంది, ఆసక్తి ఉంది. లేనిదల్లా ఒక మనిషి పోతే మరో మనిషి అందుకునే ఏర్పాటు. హైదరాబాదులో జఫర్ జంగ్ పోయినా, పోకాక్ పోయినా పని ఆగలేదు. కారణం దాని వెనుక జీతాల పద్దు ఉంది, తర్వాతి వారిని నియమించే యంత్రాంగం ఉంది.

ముస్లిం ప్రపంచపు పాత రసద్‌గాహ్‌ల కథలు కూడా ఇదే చెబుతాయి. 1259లో ఇరాన్‌లోని మరాగాలో నసీరుద్దీన్ తూసీ నెలకొల్పిన వేధశాలకు వక్ఫ్ ఆదాయం ఆదరువుగా ఉంది. దాని పక్కనే పెద్ద గ్రంథాలయం ఉండేది. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ కట్టించిన వేధశాల రాజు అండ మీదే నిలిచింది. 1449లో ఆయన హత్యకు గురికాగానే అది పాడుబడింది. అయితే అక్కడ తయారైన వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక మాత్రం చేతి రాతల్లో దేశదేశాలకూ చేరి బతికింది. ఇస్తాంబుల్‌లో తఖీయుద్దీన్ 1577లో ఆరంభించిన వేధశాలను 1580లోనే కూల్చివేశారు. కట్టడాలు పోయినా రాతలు మిగిలిన చోట జ్ఞానం మిగిలింది. రాతలు కూడా పోయిన చోట ఏమీ మిగలలేదు.

మా ప్రాంతానికి ఇంకా దగ్గరి ఉదాహరణ బీదర్. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోదే. నేడు సంగారెడ్డి జిల్లాలో, 2016లో మండలంగా ఏర్పడిన నాగల్‌గిద్దకు ఇప్పటికీ బీదర్ హైదరాబాదు కంటే చాలా దగ్గర. పనుల మీద వెళ్లిన వారు అక్కడి మహమూద్ గవాన్ మదర్సాను చూసే ఉంటారు. 1472లో కట్టిన ఆ మూడంతస్తుల భవనంలో పాఠాల గదులతో పాటు పుస్తకాల భాండాగారం, ఉస్తాదులకూ విద్యార్థులకూ నివాసాలు ఉండేవి. పండితుడు కుదురుగా కూర్చుని పని చేయాలంటే తిండి, వసతి, పుస్తకం ఒక్కచోట ఉండాలని మంత్రి మహమూద్ గవాన్ గ్రహించాడు. 17వ శతాబ్దం చివర మందుగుండు పేలి ఆ భవనంలో ఒక భాగం కూలిపోయింది. విద్య నిలవ ఉన్న చోట మందుగుండు నిలవ చేస్తే జరిగేది అదే.

భాష కూడా ఒక సాధనమే

పరిశోధనకు కావలసిన సరంజామాలో భాష కూడా ఉందని హైదరాబాదు పెద్దలు ముందే గుర్తించారు. 19వ శతాబ్దపు మొదటి భాగంలోనే పాయిగా వంశానికి చెందిన నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్ షమ్సుల్ ఉమ్రా యూరపు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి అచ్చు వేయించారు. 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా, అంటే అనువాద శాఖ, ఉస్మానియా విద్యార్థుల కోసం గణితం, భౌతిక శాస్త్రం, వైద్యం మొదలైన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. పుస్తకాలతో పాటు పారిభాషిక పదాలను సమకూర్చేందుకు పండితుల మండలులు కూర్చున్నాయి. సొంత భాషలో మాట దొరికితేనే పిల్లవాడికి ఆలోచన దొరుకుతుంది. మన పిల్లలు నేడు తెలుగులోనో, ఉర్దూలోనో, ఇంగ్లీషులోనో చదువుతున్నారు. ఏ భాషలో చదివినా, అర్థం కాని మాటను బట్టీ పట్టించకుండా విడమరచి చెప్పే గురువు ఉండటమే అసలు సాధనం.

వెలుగు పెరిగితే కనుమరుగైన ఆకాశం

ఊరికి దూరమని ఎంచుకున్న బేగంపేటను కాలక్రమంలో నగరం చుట్టుముట్టింది. వీధి దీపాలు, విమానాశ్రయం, పొగ, దుమ్ము వచ్చాయి. మసక చుక్కలు ఆ వెలుగులో మునిగిపోయాయి. 1944 నుంచి 1960 దాకా డైరెక్టరుగా ఉన్న అక్బర్ అలీ కాలంలోనే మరో చోట మరింత పెద్ద దుర్భిణి పెట్టాలన్న ఆలోచన రూపు దిద్దుకుంది. తర్వాత ప్రొఫెసర్ కె.డి. అభ్యంకర్ కాలంలో అది నెరవేరింది. ఇప్పటి రంగారెడ్డి జిల్లాలోని జాపాల-రంగాపూర్ గుట్ట మీద 1968లో 48 అంగుళాల దుర్భిణి నిలిచింది. 1972లో కావలూరులోనూ నైనీతాల్‌లోనూ వచ్చిన మీటరు దుర్భిణుల కంటే అది పెద్దది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా సాగినప్పుడు శాస్త్రవేత్తలు రంగాపూర్‌లో గుమికూడారు.

తర్వాతి కాలంలో రంగాపూర్ కూడా వెనుకబడింది. నగరపు వెలుగు అటూ పాకింది. యంత్రాలకు కాలం చెల్లింది. బేగంపేటలోని పాత ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఉంది. దాని చిరునామాలో మాత్రం నేటికీ నిజామియా వేధశాల ఆవరణ అనే మాట నిలిచి ఉంది. కొనడానికి దొరికే ఉత్సాహం నిలపడానికి దొరకకపోవడం మన దేశంలో పాత జబ్బు. రిబ్బను కత్తిరించడానికి పెద్దలు వస్తారు, ఫోటోలు పడతాయి. ఏటేటా అద్దానికి పూత వేయించడానికి, కాలిపోయిన తీగ మార్చడానికి పద్దు అడిగితే జవాబు రాదు.

అయినా ఆ వేధశాల నీడలోనే ఒక మొక్క మొలిచింది. అక్కడ సహాయకుడిగా పనిచేసిన ఎం.కె. బప్పు కుమారుడు వైను బప్పు. 1927లో పుట్టిన ఆ బాలుడు తండ్రి వెంట వేధశాలకు వెళ్లి దుర్భిణులతో ఆడుకుంటూ పెరిగాడు. నిజాం కళాశాలలో చదివాడు. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డుకు వెళ్లి, అదే ఏడాది ఒక తోకచుక్కను కనిపెట్టిన వారిలో ఒకడయ్యాడు. దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ అని పేరు. 1960లో స్వదేశంలో కొడైకెనాల్ వేధశాల పగ్గాలు చేపట్టి, తమిళనాడులోని కావలూరులో కొత్త వేధశాలకు ప్రాణం పోశాడు. బయటి నుంచి కొనడంతో ఊరుకోక, 2.34 మీటర్ల అద్దాన్ని మన దేశంలోనే సానబట్టించాడు. 1982లో ఆయన మరణించాడు. 1986లో ఆరంభమైన ఆ దుర్భిణికి ఆయన పేరే పెట్టారు. నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన ఖర్చులో ఈ ఒక్క పిల్లవాడి చూపు తెరవడం కూడా లెక్కలోకి రావాలి.

మన బడి, మన మొహల్లా

ఇదంతా చెప్పుకున్నది పాత గొప్పలు తలచుకుని పొంగిపోవడానికి కాదు. నాగల్‌గిద్ద వంటి ఊళ్లో ఎవరూ వేధశాల కట్టనక్కర లేదు. కానీ ఇక్కడి బడులకూ యంత్రాలు వస్తున్నాయి. ఏదో ఒక దాత సూక్ష్మదర్శిని ఇస్తాడు, ఏదో ఒక పథకం కింద కంప్యూటర్లు దిగుతాయి. మేము చూసిన బళ్లలో ఒకచోట సూక్ష్మదర్శిని బీరువాలోంచి బయటికి రాలేదు, పగిలితే ఎవరు కట్టాలన్న భయంతో. మరోచోట కంప్యూటర్లకు ముసుగులు వేసి ఉన్నాయి, బాగు చేసేవాడు పట్నం నుంచి రావాలని. నవాబుగారి దుర్భిణి 20 ఏళ్లు ఆగిన కథే ఇక్కడ చిన్న ఎత్తున జరుగుతోంది.

అందుచేత మా మనవి ఇది. బడికి గానీ మదర్సాకు గానీ ఒక వస్తువు ఇవ్వదలచిన వారు, ఆ డబ్బులో కొంత ఆపి దాని బాగోగులకు కేటాయించండి. సదఖా-ఎ-జారియా అంటే సాగుతూ ఉండే దానం అని మనకు తెలుసు. బావి తవ్వించిన పుణ్యం తోడే చేద ఉన్నంత కాలమే సాగుతుంది. తాడు తెగితే కొత్త తాడు కొనేవాడు కూడా ఆ దానంలో భాగస్వామియే. వస్తువుతో పాటు దానిని విప్పి బిగించడం నేర్చిన ఒక యువకుణ్ణో యువతినో ఊళ్లోనే తయారు చేసుకోవాలి. యంత్రం మీద ప్రేమ ఉన్న పిల్లవాణ్ణి మెకానిక్ అని చులకన చేయకండి. పెద్ద ప్రయోగశాలల్లో గాజు ఊదేవారు, అద్దం సానబట్టేవారు, తీగలు కలిపేవారు, లెక్కల పట్టికలు చూసేవారు లేనిదే ఒక్క రోజు గడవదు. డాక్టరు, ఇంజినీరు అనే రెండు మాటలకు మించి ఈ దారులు కూడా ఉన్నాయని ఆడపిల్లలకూ మగపిల్లలకూ చెప్పండి.

మరో సంగతి రాయడం. మా ప్రాంతంలో కంది, జొన్న వేసే రైతులు ఏ ఏడు వాన ఎలా పడిందో నోటితో చెబుతారు. పదేళ్ల కిందటి మాట అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. ఒక బడి ఆవరణలో వానకొలత పాత్ర పెట్టి, ప్రతి ఉదయం ఒకే వేళకు చూసి, ఒకే పుస్తకంలో రాస్తూ పోతే పాతికేళ్లకు అది ఎవరూ కొనలేని ఆస్తి అవుతుంది. ఇవాళ చూసే విద్యార్థి రేపు బడి వదిలి పోతాడు. పుస్తకం తర్వాతి వాడి చేతికి అందాలి. వాన పడని రోజు కూడా సున్నా అని రాయాలి. రాయని రోజుకూ సున్నా రోజుకూ తేడా తెలియడమే శాస్త్రీయతకు మొదటి మెట్టు.

బేగంపేట పోగొట్టుకున్నది, నాగల్‌గిద్దకు ఇంకా మిగిలి ఉన్నది ఒకటుంది. అది చీకటి. మబ్బు లేని అమావాస్య రాత్రి ఊరి చివర పొలాల్లో నిలబడితే పాలపుంత తల మీదుగా సాగడం ఇప్పటికీ కనబడుతుంది. నగరంలో చదివే మన పిల్లల్లో చాలామంది దానిని బొమ్మల్లోనే చూశారు. వీధి దీపం కావలసిందే, భద్రత కావలసిందే. కానీ దీపానికి పైన మూత ఉంచి వెలుగు నేల మీదికి మాత్రమే పడేలా బిగిస్తే దారీ కనబడుతుంది, ఆకాశమూ మిగులుతుంది. దీనికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం.

ఐరోపా వారు 2013లో గయా అనే మరో ఉపగ్రహాన్ని పంపారు. 2025లో పని ముగించేలోగా అది సుమారు 200 కోట్ల నక్షత్రాలను కొలిచింది. బేగంపేట ఏడున్నర లక్షలు దాని ముందు పిడికెడే. అయినా ఉపగ్రహం రాక ముందు, జీతం చాలని గుమాస్తాలు కూర్చుని కొలిచిన ఆ పిడికెడు అంకెల్లో కల్తీ లేదు గనుకనే అవి మళ్లీ బీరువాల్లోంచి లేచి పనికి వచ్చాయి. “చుక్కల్ని లెక్కవెడితే ఏమొస్తది” అని మీ పిల్లలు అడిగినప్పుడు ఈ మాట చెప్పండి. చెప్పిన తర్వాత వారి చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, తేదీ వేసి రాయడం నేర్పండి.